గోలి మింగినంకనే దారం

శంషాబాద్ బస్టాండు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఫోటో చూసేదాకా నాకు ఆమె అసలు పేరు తెలియదు. ఫోటో చుట్టూ గులాబీల అంచు. కింద పెద్దకర్మ జరిగే రోజు, ఇంటి ఆనవాలు. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో అయి ఉంటుంది. పట్టుచీరలో, పెదవులు బిగించి, కెమెరాకు భయపడ్డట్టు నిలబడి ఉంది. ఆ నోరు అట్లా మూసుకుని ఉండగా నేను చూడడం అదే మొదలు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నా కదలకుండా ఆ పేరు మళ్లీ మళ్లీ చదివాను. అన్నాళ్లు నా మొహాన్ని ఆమె చేతుల్లో పెట్టినదాన్ని, పేరడగాలని ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు తెలిసింది గానీ ఇక్కడ రాయను. అందరికీ ఆమె పార్లరక్క. నాకూ అంతే.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులవి. మా ఊరు శంషాబాదుకు షేరాటోలో పోయేంత దూరం. రన్‌వేకు పోగా మిగిలిన చెలకలో బాపు టమాట, కొత్తిమీర పండించేవాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. ఉన్నట్టుండి కాళ్లు ఉబ్బాయి, తర్వాత మొహం. పొద్దున లేస్తే కళ్లు తెరుచుకునేవి కావు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే కిడ్నీల జబ్బన్నారు. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో పోతోందట. మొదట ఇచ్చిన మందులు పనిచేయకపోతే ఇంకో గోలి రాశారు. నిజానికి అది గోలి కాదు, మెత్తటి క్యాప్సూలు. రేకు చింపగానే స్పిరిట్ లాంటి ఘాటు వాసన ఇల్లంతా కొట్టేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. దీనితో వెంట్రుకలు పెరగొచ్చు, భయపడకండి, మమ్మల్ని అడక్కుండా మాత్రం మానొద్దు అని డాక్టరు చెప్పాడు. వెంట్రుకలంటే తల మీద అనుకుని అమ్మ సంతోషపడింది.

వాపు తీసింది. కొన్ని నెలలకు వెంట్రుకలు మొదలయ్యాయి. ముందు నుదుటి అంచున, తర్వాత కణతల మీంచి బుగ్గల మీదికి, పైపెదవి మీద, గదవ కింద, మెడ వెనక, చేతుల నిండా. నూగు అనుకుని సరిపెట్టుకునేట్టు కాదు, నల్లగా, పొడుగ్గా. కనుబొమలు రెండూ కలిసిపోయాయి. అమ్మ దిష్టి తీసింది. శనగపిండిలో పసుపు కలిపి రుద్దింది. చర్మం ఎర్రగా మండేది గానీ వెంట్రుక ఊడేది కాదు.

బాపు రోజూ పొద్దున వాకిట్లో కుళాయి పక్కన గోడకు అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు. ఒకరోజు చూస్తే గోడ మీద అద్దం లేదు, మేకు ఒక్కటే ఉంది. అప్పటినుంచి ఆయన స్నానాల గదిలో తలుపేసుకుని గీసుకునేవాడు. ఆ ఉత్త మేకును చూసినప్పుడు సిగ్గుపడ్డంతగా నేను బయటివాళ్ల చూపులకు కూడా సిగ్గుపడలేదు.

అప్పట్లో కాలేజీకి పోయే ఆడపిల్లలు దుమ్ముకు, ఎండకు మొహం నిండా స్కార్ఫు చుట్టుకునేవారు. నాకది కలిసొచ్చింది. ఆటో ఎక్కేటప్పుడు చుట్టుకున్నది క్లాసులో కూడా విప్పేదాన్ని కాదు. హాల్‌టికెట్ కోసం అందరినీ ఫోటో దిగమన్న రోజు తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రం మా చిన్నమ్మ కొడుకు, ఇంకా బడికి కూడా పోని పిల్లవాడు, నా ఒళ్లో కూర్చుని గదవ నిమిరి, అక్కా నువ్వు కూడ గీస్కుంటవా అని అడిగాడు. వాడిని దించి లోపలికి పోయాను. అమ్మ మరునాడే నన్ను పార్లరుకు తీసుకుపోయింది.

బస్టాండు వెనక సందులో ఒక మడిగె, షట్టరున్న చిన్న దుకాణం. ముందు పూలతెర. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి పోయాం. అమ్మ పార్లరక్క చెవిలో ఏదో చెప్పింది. ఆమె నన్ను స్కార్ఫు తీయమంది. తీశాను. నా మొహం చూసిన వాళ్లు ఎవరైనా ఒక్క క్షణం చూపు పక్కకు తిప్పుకునేవారు. ఈమె తిప్పుకోలేదు. గదవ పట్టుకుని ట్యూబులైటు కిందికి లాగి, మడిలో కలుపు ఎంతుందో చూసే మనిషిలా చూసింది. తర్వాత కుర్చీని అద్దానికి వీపు వచ్చేట్టు తిప్పింది.

"అద్దం తర్వాత చూద్దువు తీ," అంది.

లావుపాటి మనిషి. నడివయసు. ఎడమచేతి వేళ్ల మీద దారం కోసిన గీతలు. దారం ఒక కొస పళ్ల మధ్య కరిచిపట్టుకుని, రెండో కొస వేళ్లకు చుట్టుకుని, నా మొహం మీదికి వంగి దారం మెలికతో వెంట్రుకలు పీకేది. అట్లా పనిచేస్తూనే మాట్లాడేది. పళ్ల మధ్య దారం ఉంటే మాట ఎట్లా వస్తుంది? సగం మాటలు ముక్కులోంచి వచ్చేవి. కొత్తవాళ్లకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు, ఊరికే ఊ కొట్టేవారు. నెత్తి మీదుగా విమానం పోయిందంటే ఆమెకు మహా కోపం. అంత దగ్గర్లో ఉండి కూడా విమానాశ్రయం చూడాలని ఆమెకెప్పుడూ లేదు. తన మాట ఎవరికీ వినబడకుండా చేయడానికే అవి దిగుతున్నాయని ఆమె నమ్మకం.

ఆమెకు తెలియని విషయం ఉండేది కాదు, తెలిసినదాంట్లో సగం తప్పు ఉండేది. ఆ రోజు కూడా చూడగానే ఇది నెలసరి తేడాల వల్ల వచ్చిందని తేల్చేసి, తీపి మానమంది. కాదు, కిడ్నీ గోలీల వల్ల అని అమ్మ చెప్పింది. పని చాలాసేపు పడుతుందంటే అమ్మ బజారు పని చూసుకొస్తానని పోయింది. ఇద్దరమే మిగిలాం. నుదురు అయ్యి బుగ్గల మీదికి వచ్చేసరికి నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. నొప్పికో, దేనికో. ఆమె దారం నోట్లోంచి తీసింది.

"ఏడిస్తే దారం తడుస్తది బిడ్డా, ఆగు. గోలీలతోని వచ్చిన బొచ్చుకు ఇంత పరేషాన్ ఎందుకు? ఆ గోలీలు బంద్ చేస్తే సరిపాయె గదా."

అంతే. తలుపేసి పొమ్మన్నంత తేలిగ్గా ఆ మాట అనేసి, దారం మళ్లీ కరిచిపట్టుకుంది. పనయ్యాక కుర్చీ తిప్పి అద్దం చూపించింది. ఎర్రగా కందిపోయిన మొహం. కానీ నాదే. చాలా రోజులకు నా మొహం నాకు కనిపించింది.

ఆ మాట ఎవరైనా అంటారేమోనని నేను నెలల తరబడి ఎదురుచూస్తున్నాను. మరునాటి నుంచి రేకు చింపి క్యాప్సూలును గిన్నెలు కడిగే జాలారులో పడేసేదాన్ని. వాసన వచ్చేది కాబట్టి అమ్మకు అనుమానం రాలేదు.

నెల తిరగకముందే కాళ్లు మళ్లీ ఉబ్బాయి. నేను చెప్పలేదు. పొట్ట ఉబ్బింది, చెప్పలేదు. ఊపిరాడక కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోతే బాపు ఎవరిదో కారు మాట్లాడి పట్నం తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. కొన్ని రోజులు నాకేమీ సరిగ్గా గుర్తులేదు. నేను గోలీలు మానేశానని రక్తపరీక్షలో తేలింది. ఎందుకు మానావని డాక్టరు అడిగితే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మకు తెలుసు ఎందుకో. నా మొహం చూసి ఏడ్చింది.

జనరల్ వార్డుకు మార్చాక ఒకనాడు పొద్దున పార్లరక్క వచ్చింది. మా ఊరి ఆటో అతన్ని అడిగితే సంగతి చెప్పాడట. మడిగె మూసి అట్లాగే బస్సెక్కినట్టుంది, చీర కుచ్చిళ్ల మీద ఇంకా పౌడరు మరకలున్నాయి. చేతిలో పండూ లేదు, ఏమీ లేదు. మంచం దగ్గరికి రాకుండా కాళ్ల దిక్కు నిలబడింది. అమ్మ ఆమెను చూసి కూర్చోమని స్టూలు జరిపింది. ఆమె కూర్చోలేదు.

"గోలీలు బంద్ చేయుమని నేనే చెప్పిన," అంది. "పిల్ల తప్పు లేదు. నేనే చెప్పిన."

పక్క మంచాల వాళ్లు కూడా విన్నారు. బాపు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆమె వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"నువ్వేమన్న డాక్టర్‌వా అమ్మా?"

"కాదు అన్నా. అందుకే వచ్చిన."

ఆమె మొహం అప్పుడు చూశాను. నన్ను చూసి చూపు తిప్పుకోని మనిషి, ఆ పూట ఎవరి మొహమూ చూడలేకపోయింది. అమ్మ లేచి, ఇగ మా ఇంటి దిక్కు రావద్దని చెప్పింది. ఆమె తలూపి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక గోలీలు మళ్లీ మొదలు, వాటితో వెంట్రుకలూ మొదలు. ఈసారి అమ్మే రోజూ గోలి నోట్లో వేసేది. పార్లరు మాట ఎత్తడానికి నాకు ధైర్యం లేదు. కాలేజీ మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఎవరైనా వస్తే వంటింట్లోకి పోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఆమె మా గేటు ముందర నిలబడి ఉంది. చంకలో గుడ్డసంచి. అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మా దిక్కు ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వకపోవడమంటే తిట్టడం కంటే ఎక్కువ. ఆమె తనే వచ్చి అరుగు మీద కూర్చుంది. అమ్మ చాట ఆపలేదు. చాలాసేపటికి, పొద్దటి గోలి మింగిందా అని గాలినడిగినట్టు అడిగింది. ఇంకా లేదని నేను లోపలినుంచి చెప్పాను.

"తెచ్చుకో. నా ముంగట మింగు. గోలి మింగినంకనే దారం."

తెచ్చుకుని మింగాను. ఆమె నోరు తెరవమంది, నాలుక లేపి చూపమంది. చూపించాను. అప్పుడు సంచిలోంచి దారం రీలు తీసింది. ఆ రోజు పని అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రాలిన వెంట్రుకలు తనే ఊడ్చి, కాగితంలో చుట్టి పట్టుకుపోయింది. మళ్లీ కొన్నాళ్లకు వచ్చింది, మళ్లీ వచ్చింది. మూడోసారో నాలుగోసారో అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె తాగింది. తర్వాత కొన్ని రోజులకు, అంత దూరం ఆమె రావడమెందుకు, నువ్వే పొమ్మని అమ్మ నాతో అంది.

అప్పటినుంచి పార్లరు తెరవకముందే పోయేదాన్ని. ఆమె షట్టరు సగం లేపేది, నేను వంగి లోపలికి దూరేదాన్ని, మళ్లీ దించేసేది. నా పొద్దటి గోలి వేళ అదే. స్టీలు గ్లాసులో నీళ్లు సిద్ధంగా ఉండేవి. మింగాలి, నాలుక లేపాలి, అప్పుడు కుర్చీ తిరిగేది. వారం పది రోజులకొకసారి ఇదే వరస. నువ్వు చెప్పకపోయినా నేను మానేసేదాన్నే అక్కా అని ఒకసారి చెప్పాను. నిజంగానే మానేసేదాన్ని. ఆమె అది నీ లెక్క, నా లెక్క నాది అని ఊరుకుంది. తన గురించి తను ఒక మాట తరచూ అనేది, దారం పళ్ల మధ్య ఉన్నంతసేపే నా నోరు మంచిది అని.

మాట్లాడడం మాత్రం మానలేదు. మళ్లీ అన్నీ మొదలయ్యాయి, విమానాలను తిట్టడం, రేట్లు, సీరియళ్లు, వచ్చిపోయే వాళ్ల చీరల బాగోగులు. ఒక్క మందుల సంగతి వస్తే టక్కున ఆగిపోయేది. నేను మోకాలు నొప్పి అన్నా, డాక్టర్ను అడుగు, నన్నడగకు అనేది.

ఒక పొద్దున షట్టరు పూర్తిగా దిగలేదు. ఒక చెంప అయిపోయింది, ఇంకో చెంప ఇంకా అట్లాగే ఉంది. మా ఊరి ఆమె ఒకామె, నాకు పెద్దమ్మ వరసవుతుంది, షట్టరు లేపుకుని లోపలికి వచ్చేసింది. పెళ్లికి పోవాలి, కనుబొమలు చేయించుకుని బస్సు పట్టుకుందామని తొందర. నన్ను చూసి ఆగిపోయింది. స్కార్ఫు చేతికందేంత దూరంలో లేదు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"నువ్వు మనోళ్ల బిడ్డవు గాదే? ఆడిపిల్లకు గడ్డమేందే?"

పార్లరక్క దారం కూడా తీయలేదు. ముక్కుమాటతోనే, అయినా చక్కగా అర్థమయ్యేట్టు అంది.

"నీకు మీసం లేదా వదినా? పోయిన నెల తీసింది నేనే గదా."

పెద్దమ్మ మొహం నల్లబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఆ క్షణాన ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తిరిగి చూస్తే పార్లరక్క స్టూలు మీద కూలబడి, అరచేత్తో తన నోటి మీద తనే కొట్టుకుంటోంది. నా కోసమే కదా అన్నావు అక్కా అన్నాను.

"నీ కోసమే అన్న. గని ఆమె గూడ నన్ను నమ్మి గీ కుర్చీలనే కూసున్నది."

ఆ సాయంత్రమే పెద్దమ్మ ఇంటికి పోయి తప్పయిందని చెప్పబోయిందట. పెద్దమ్మ తలుపు తీయలేదు. నా సంగతి ఊరంతా తెలిసింది. బోనాల నాడు వరసలో నిలబడితే ఆడవాళ్లు నా కళ్లలోకి కాకుండా గదవ వైపు చూసి మాట్లాడారు. బోనం దించగానే ఇంటికి వచ్చేశాను. ఆమె సంగతీ తెలిసింది. పార్లరామె నోరు మంచిది కాదు, ఎవరి ముచ్చట ఎవరి ముందు చెప్తదో అని మా ఊరి ఆడవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె దగ్గరికి రావడం తగ్గించారు. పెళ్లిళ్ల కాలంలో కూడా ఆమె తెర దగ్గర స్టూలేసుకుని ఖాళీగా కూర్చోవడం చూశాను. దాని గురించి ఒక్కసారి కూడా నాతో అనలేదు.

తర్వాతి ఏడాది డాక్టరు మందు మార్చాడు. కొత్త గోలీకి ఆ వాసన లేదు, ఈ పెరుగుదలా లేదు. కొన్ని నెలల్లో వెంట్రుకలు వాటంతటవే పలచబడి రాలిపోయాయి. ఆఖరుసారి పోయినప్పుడు ఆమె నా చెంపను వేళ్ల వెనకతో నిమిరి చూసింది, కనుబొమలు మాత్రం సరిచేసింది. "ఇగ నాతోని నీకు పనిలేదు బిడ్డా," అని నవ్వింది. ఈ మాట అమ్మకు కూడా చెప్పమంది.

మళ్లీ కాలేజీకి పోయి డిగ్రీ పూర్తి చేసి, విమానాశ్రయంలో ఒక దుకాణంలో ఉద్యోగంలో చేరాను. కంపెనీ బస్సు ఆ సందు ముందు నుంచే పోయేది. కిటికీలోంచి పూలతెర కనిపించేది. దిగాలనుకునేదాన్ని. దిగితే ఆ మొహం మళ్లీ నాదవుతుందేమోనని భయం, సిగ్గు. ఒక్కసారీ దిగలేదు. తర్వాత ఆమెకు గుండెపోటు వచ్చిందని, ఇంట్లోనే పోయిందని ఫ్లెక్సీ చూసిన రోజు జ్యూస్ బండి అతను చెప్పాడు.

పెద్దకర్మకు అమ్మ కూడా వస్తానంది. బుద్వేల్ దిక్కు చిన్న ఇల్లు, ముందర షామియానా. లోపల చాపల మీద ఆడవాళ్లు చాలామంది కూర్చుని ఉన్నారు. చుట్టాల లాగా లేరు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. కొందరు లోపల కూడా నెత్తి మీద కొంగు తీయలేదు. పార్లరక్క తోడబుట్టిన అక్క, బాగా ముసలామె, వచ్చినవాళ్లందరి దగ్గరా ఆగి, నువ్వేమైతవు బిడ్డా అని అడుగుతోంది. ఒకామె తెలిసినామె అంది. ఒకామె కిరాయికుండేవాళ్లం అంది. ఇంకొకామె ఏదో గొణిగి తల దించుకుంది. మా దగ్గరికి వచ్చింది. బస్టాండు కాడ పరిచయం అని అమ్మ తొందరగా చెప్పేసింది.

ముసలామె తలూపి పక్కకు జరగబోయింది. నేను ఆపాను.

"నా మొహం నిండ వెంట్రుకలుండేటివి అవ్వా. మందులతోని వచ్చినయి. అన్నొద్దులు ఆమెనే తీసింది."

అనేశాక నా చెవులు కాలిపోయాయి. చాపల మీద ఒకరిద్దరు కొంగు ఇంకా ముందుకు లాక్కున్నారు. అమ్మ చీరంచు వేలికి చుట్టుకుంటూ కిందికి చూస్తోంది. ముసలామె నా మొహంలోకి కాసేపు చూసింది. అక్కడ వెతకడానికి ఏమీ లేదు.

"ఇంట్ల పొద్దుందాక మాట్లాడేది," అంది. "మీల ఒక్కరి ముచ్చట గూడ మాకు చెప్పలే."

తర్వాత మమ్మల్నందరినీ బంతికి లేపింది. ఆడవాళ్లమంతా ఒకటే వరసలో కూర్చున్నాం. ఆకులు వేశారు, అన్నం, కూర వడ్డించారు. ఆ వరసలో ఎవరెందుకు వచ్చారో అందరికీ తెలిసిపోయింది. ఎవరూ పక్కవాళ్ల మొహం వైపు చూడలేదు. నేనూ తల వంచుకునే తిన్నాను.